మార్కులు ఎక్కడ పోతున్నాయి? చదువులో వెనకబడినప్పుడు మొదలుపెట్టాల్సిన చోటు

మార్కులు తగ్గిన రోజు అందరూ చెప్పే మాట ఒకటే: "ఇంకా ఎక్కువ చదవాలి." చదివే పిల్లలూ అదే నమ్ముతారు. రోజుకు ఇంకో రెండు గంటలు పెంచుతారు, ఆటలు మానేస్తారు, నిద్ర తగ్గించుకుంటారు. నెల తిరిగాక వచ్చిన మార్కులు మాత్రం దాదాపు మునుపటివే. చిల్లు ఎక్కడుందో చూడకుండా కుండలో నీళ్లు పోస్తూ ఉంటే జరిగేది ఇదే. ఇక్కడినుంచి భయం మొదలవుతుంది: "ఇంత కష్టపడ్డా రాలేదంటే నాకు చదువు రాదేమో."

"నాకు లెక్కలు రావు" అనే మాటకు ఆకారం లేదు, అందుకే అది భయపెడుతుంది. "హారాలు వేరుగా ఉన్న భిన్నాలు కూడటం రాదు" అంటే అది పది రోజుల పని. ఒత్తిడిలో పెద్ద భాగం ఈ ఆకారం లేని భయమే. కాబట్టి గంటలు పెంచే ముందు, భయాన్ని చిన్న చిన్న పనులుగా విడగొట్టాలి. దానికి కావలసిన వస్తువు మీ దగ్గరే ఉంది. అది మీరు మళ్లీ చూడటానికి ఇష్టపడకుండా పుస్తకాల అడుగున పెట్టేసిన జవాబు పత్రం.

పోయిన మార్కులను కుప్పలు పోయడం

ఒక సబ్జెక్టులో గత రెండు మూడు పరీక్షల జవాబు పత్రాలు తీయండి. ప్రశ్నపత్రం కూడా పక్కన ఉండాలి. ఒక తెల్లకాగితం మీద ఐదు గడులు గీయండి:

1. ఆ పాఠం చదవనే లేదు
2. చదివాను, అర్థం కాలేదు
3. అర్థమైంది, పరీక్షలో గుర్తు రాలేదు
4. వచ్చు, రాసేటప్పుడు పొరపాటు జరిగింది
5. వచ్చు, టైం చాలలేదు

ఇప్పుడు పోయిన ప్రతి మార్కునూ ఏదో ఒక గడిలో వేయండి. అర మార్కు కూడా వదలొద్దు. 100కి 46 వచ్చాయనుకుందాం. పోయిన 54 ఇలా తేలవచ్చు: చదవక 8, అర్థం కాక 12, గుర్తు రాక 20, పొరపాట్ల వల్ల 9, టైం చాలక 5. ఒక పత్రానికి 40 నిమిషాలు పడుతుంది. ఆ 40 నిమిషాలూ మనసు బాగుండదు, అది నిజమే. కానీ ఆ తర్వాత చేతిలో మిగిలేది "నేను ఫెయిల్" అన్న మాట కాదు, ఐదు అంకెలు.

ఇక్కడ దాదాపు అందరూ చేసే తప్పు ఒకటుంది. సగానికి పైగా మార్కులను నాలుగో గడిలో వేసేస్తారు. "తొందరలో తప్పు రాశాను" అనుకుంటే మనసుకు హాయిగా ఉంటుంది కదా. దానికి ఒక పరీక్ష పెట్టండి. అదే రకం తప్పు మూడు చోట్ల కనిపిస్తే అది పొరపాటు కాదు, అర్థం కానిదే, రెండో గడికి మార్చండి. మైనస్ గుర్తున్న బ్రాకెట్ విప్పిన ప్రతిసారీ లోపలి గుర్తు మారకపోతే, అక్కడ లోపం శ్రద్ధలో కాదు, నియమం తెలియకపోవడంలో ఉంది. అలాగే రెండో గడా, మూడో గడా అన్న అనుమానం వస్తే, పుస్తకం మూసి ఆ విషయాన్ని మీకంటే చిన్న క్లాసు పిల్లలకు చెబుతున్నట్టు మూడు వాక్యాల్లో పైకి చెప్పండి. పుస్తకంలోని వాక్యాలే నోటికొస్తూ, "అంటే ఏంటి?" అని అడిగితే ఆగిపోతే, అది అర్థం కాలేదు.

ఐదు గడులకూ మందు ఒకటి కాదు. అర్థం కానిదాన్ని పదిసార్లు బట్టీ పట్టినా ఫలితం ఉండదు. గుర్తు రానిదానికి మళ్లీ పాఠం చెప్పించుకున్నా అంతే. అందుకే ముందు పెద్ద కుప్ప ఏదో చూసి, దానితో మొదలుపెట్టాలి.

అర్థం కానప్పుడు: కింది మెట్టుకు దిగడం

తొమ్మిదో తరగతి బీజగణితంలో కష్టపడే పిల్లలను కూర్చోబెట్టి చూస్తే, చాలామందికి అడ్డం పడుతున్నది బీజగణితం కాదు. భిన్నాలు, రుణ సంఖ్యలు. 1/2కి 1/3 కలిపి 2/5 అని రాసే పిల్లలకు సమీకరణం ఎన్నిసార్లు వివరించినా ప్రతి లెక్కా ఎక్కడో తెగుతుంది. రసాయన శాస్త్రంలో మోల్ లెక్కలు రావడం లేదంటే చాలాసార్లు లోపం నిష్పత్తిలో ఉంటుంది. భౌతిక శాస్త్రంలో సూత్రం తెలిసీ జవాబు తప్పుతోందంటే ప్రమాణాల మార్పిడి చూడాలి: గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లని చేయి ఆగకుండా రావాలి.

గట్టి మెట్టు ఎక్కడుందో ఇలా పట్టుకోవచ్చు. ఇప్పుడు అర్థం కాని పాఠం ఏ పాఠం మీద ఆధారపడిందో టీచర్‌ని అడగండి, లేదా కింది క్లాసు పుస్తకంలో అదే పేరున్న అధ్యాయం చూడండి. దాని చివర ఉన్న లెక్కల్లో ఐదు ఎంచుకుని, ఉదాహరణ చూడకుండా చేయండి. నాలుగు సరిగ్గా వస్తే ఆ మెట్టు గట్టిది. మూడు, అంతకన్నా తక్కువ వస్తే ఇంకో క్లాసు కిందికి దిగండి. గట్టి మెట్టు దొరికాక అక్కడినుంచి రోజుకు అరగంట చొప్పున పైకి రండి.

చిన్న క్లాసు పుస్తకం తెరవడానికి సిగ్గుపడతారు, ముఖ్యంగా పక్కవాళ్లు చూస్తారని. గది తలుపు వేసుకుని చదవండి, తప్పేం లేదు. మూడేళ్ల కిందటి పాఠం ఇప్పుడు మూడు రోజుల్లో అయిపోతుంది, ఎందుకంటే అప్పటికంటే మీ బుర్ర ఎదిగింది. దాన్ని దాటవేస్తే మాత్రం రాబోయే ప్రతి క్లాసులోనూ అదే చోట కాలు జారుతుంది.

డౌట్ అడగడం కూడా ఒక నైపుణ్యమే. "మేడమ్, ఈ పాఠం ఏమీ అర్థం కాలేదు" అంటే ఆమె మొత్తం మళ్లీ మొదటినుంచి చెబుతారు. ముందు ఆగిన చోటే మీరు మళ్లీ ఆగిపోతారు. అందుకని మొదట మీరే 15 నిమిషాలు గట్టిగా ప్రయత్నించండి, ఆ ప్రయత్నం కాగితం మీద ఉండాలి. ఆ కాగితం తీసుకెళ్లి, "మూడో మెట్టు దాకా వచ్చాను మేడమ్, ఇక్కడ భాగహారం ఎందుకు చేశారో తెలియలేదు" అనండి. రెండు నిమిషాల్లో ముడి విడిపోతుంది. క్లాసులో అందరి ముందూ నోరు రాకపోతే, పీరియడ్ అయ్యాక బయటికి వస్తున్నప్పుడు అడగండి, లేదా చీటీ మీద రాసి ఇవ్వండి. 15 నిమిషాలు దాటి గంటసేపు ఒక్క లెక్కతో కుస్తీ పట్టడం పట్టుదలలా కనిపిస్తుంది కానీ, ఆ రోజు మిగతా చదువంతా దానికే బలవుతుంది.

గుర్తు రానప్పుడు: చదవడం ఆపి అడగడం

అన్నింటికన్నా పెద్ద కుప్ప మామూలుగా ఇదే. ఎక్కువ కష్టం వృథా అయ్యేదీ ఇక్కడే, అందుకే దీన్ని కాస్త వివరంగా చూద్దాం.

నాలుగుసార్లు చదివిన పేజీ ఐదోసారి చదువుతుంటే జారుడుబల్ల మీద జారినట్టు సాఫీగా సాగిపోతుంది. ఆ సాఫీతనాన్ని మనం "వచ్చేసింది" అనుకుంటాం. నిజానికి వచ్చింది పేజీని గుర్తుపట్టడం మాత్రమే. పరీక్ష అడిగేది గుర్తుపట్టమని కాదు, పుస్తకం లేకుండా లోపలినుంచి బయటికి తీయమని. ఈ రెండూ వేరు పనులు. ఎదురుపడితే మనిషిని గుర్తుపడతాం, పేరు మాత్రం నోటికి రాదు, ఇదీ అలాంటిదే.

2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని విద్యార్థుల మీద పరీక్షించారు. కొందరు ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు, కొందరు చదివి, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే చూడకుండా రాసినవాళ్లు చాలా ముందున్నారు. బాగా గుర్తుంటుందన్న ధీమా మాత్రం మళ్లీ మళ్లీ చదివినవాళ్లకే ఎక్కువ ఉంది. పరీక్ష ముందు రాత్రి వరకూ "అంతా వచ్చు" అనిపించి, హాల్లో ఖాళీ కాగితం ముందు బిగుసుకుపోవడానికి కారణం ఇదే. 2013లో చదువు పద్ధతులను పోల్చి చూసిన ఒక పెద్ద సమీక్షలో కూడా గీతలు గీయడం, మళ్లీ చదవడం తక్కువ ప్రయోజనం ఇచ్చేవాటిలో చేరాయి. తనను తాను పరీక్షించుకోవడం, రోజుల ఎడంతో చదవడం పైన నిలిచాయి.

చేయాల్సింది ఇది. 20 నిమిషాలు ఒక భాగం చదవండి, మూడు నాలుగు పేజీలకు మించొద్దు. పుస్తకం మూసేయండి. తెల్లకాగితం మీద 8 నిమిషాలు గుర్తున్నదంతా రాయండి: వరస తప్పినా పర్వాలేదు, బొమ్మలు, బాణాలు, సగం వాక్యాలు ఏవైనా సరే. ఇప్పుడు పుస్తకం తెరిచి, వదిలేసినవీ తప్పు రాసినవీ వేరే రంగు పెన్నుతో చేర్చండి. ఆ రంగులో ఉన్నదే మీరు రెండోసారి చదవాల్సింది, మిగతాది కాదు.

మొదటి వారం ఇది చాలా చిరాకుగా ఉంటుంది. కాగితం మీద నాలుగు ముక్కలు కూడా రావు. చాలామంది "ఈ పద్ధతి నాకు పడదు" అని అక్కడే మానేస్తారు. గుర్తు తెచ్చుకోవడానికి పడే ఆ పెనుగులాటే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. అది తప్పు జరుగుతోందనడానికి సూచన కాదు.

మరచిపోవడం ఎంత వేగంగా జరుగుతుందో ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పరిశోధకుడు అర్థం లేని అక్షరాల గుంపులను తానే బట్టీ పట్టి కొలిచి, 1885లో ప్రకటించాడు. నేర్చుకున్న మొదటి గంటల్లో, మొదటి రోజులో ఎక్కువ జారిపోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. అందుకే మొదటి రివిజన్ మర్నాడే ఉండాలి. తర్వాత 3వ రోజు, 7వ రోజు, మూడో వారం. ప్రతిసారీ తెల్లకాగితంతోనే, 10 నిమిషాలు చాలు. ఆదివారం ఒకేసారి నాలుగు గంటలు కూర్చునేకంటే, అదే నాలుగు గంటలు వారమంతా పంచితే ఎక్కువ కాలం నిలుస్తుంది.

తేదీలు, నిర్వచనాలు, సూత్రాలు, కొత్త పదాల లాంటివాటికి చీటీలు బాగుంటాయి. ఒక వైపు ప్రశ్న, వెనక జవాబు. మూడు డబ్బాలు పెట్టుకోండి: మొదటిది రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి. సరిగ్గా చెప్పిన చీటీ తర్వాతి డబ్బాలోకి వెళుతుంది, తప్పినది ఎక్కడున్నా మొదటి డబ్బాకే తిరిగొస్తుంది. రోజుకు కొత్త చీటీలు 15కు మించితే రెండో వారానికి మోయలేని బరువవుతుంది. ఒక చీటీ మీద ఒక్క విషయమే ఉండాలి. పేరా మొత్తం రాస్తే, సగం వచ్చినప్పుడు వచ్చినట్టా రానట్టా తేల్చుకోలేరు. ఇంకో మాట: జవాబు రాకపోతే రెండు సెకన్లలో చీటీ తిప్పేయొద్దు, కనీసం పది సెకన్లు వెతకండి. చీటీలను రంగురంగులుగా అందంగా రాయడంలోనే సాయంత్రం గడిచిపోతే, ఆ రోజు చదివినట్టు కాదు.

లెక్కలకు ఇంకో మెలకువ ఉంది. ఒకే రకం లెక్కలు ఇరవై వరసగా చేస్తే చివరివి చేయి దానంతటదే చేస్తుంది. పరీక్షలో ఏ లెక్కకు ఏ పద్ధతి వాడాలో ముందు తేల్చుకోవాలి, ఆ తేల్చుకోవడమే అభ్యాసం కాలేదు. కాబట్టి పద్ధతి నేర్చుకున్నాక, మూడు నాలుగు అధ్యాయాల లెక్కలను కలగలిపి చేయండి.

పొరపాట్లు, టైం

పొరపాట్లకు "జాగ్రత్తగా రాయాలి" అనే తీర్మానం పనిచేయదు. మీ సొంత తప్పుల జాబితా పనిచేస్తుంది. జవాబు పత్రాల నుంచి మీరు ఎక్కువగా చేసే నాలుగు తప్పులు రాసుకోండి: ప్రమాణం వదిలేయడం, గుర్తు మార్చకపోవడం, ప్రశ్నలో "కానిది" అన్న మాట చూడకపోవడం, లెక్కను కింది వరసలోకి దించేటప్పుడు అంకె మారిపోవడం. పరీక్ష చివర పేపరంతా చదవకుండా, ఆ నాలుగు తప్పుల కోసమే వెతకండి.

టైంకి ఒక చిన్న లెక్క ఉంది. 180 నిమిషాలు, 100 మార్కుల పేపరు. ప్రశ్నలు చదవడానికి 10, చివర సరిచూసుకోవడానికి 15 తీసేస్తే 155 మిగులుతాయి. మార్కుకు దాదాపు ఒకటిన్నర నిమిషం. అంటే 8 మార్కుల ప్రశ్నకు 12 నిమిషాలు. ఆ గీత దాటితే, కొంత ఖాళీ వదిలి ముందుకు వెళ్లిపోవాలి. ఒక్క జవాబును 6 నుంచి 7 మార్కులకు పెంచడానికి పట్టే పది నిమిషాల్లో, ముట్టుకోని ప్రశ్నలో నాలుగు మార్కులు సులువుగా వస్తాయి. ఇది హాల్లో తెలిసే సంగతి కాదు. పరీక్షకు ముందు పాత ప్రశ్నపత్రాలు కనీసం మూడు, గడియారం పెట్టుకుని, చేత్తో, పూర్తిగా రాస్తేనే అలవాటవుతుంది. జవాబులు మనసులో అనుకుని "ఇది వచ్చు" అని టిక్కు పెట్టడం లెక్కలోకి రాదు.

పేరుకుపోయిన పాఠాలు

పది పాఠాలు వెనకబడ్డారనుకుందాం. సహజంగా ఎవరైనా ఒకటో పాఠం నుంచి మొదలుపెడతారు. ఆలోపు క్లాసులో ఇంకో మూడు పాఠాలు అయిపోతాయి, దూరం అలాగే ఉంటుంది. కాబట్టి మొదటి నియమం: ఈ రోజు క్లాసులో చెప్పింది ఈ రోజే. ఇంటికొచ్చాక చదవడానికి రెండున్నర గంటలు దొరికితే, గంటన్నర ఈ రోజు పాఠాలకు, 50 నిమిషాలు పాతవాటికి, మధ్యలో పది నిమిషాలు లేచి తిరగడానికి.

పాతవాటిలో ఏది ముందు? ప్రతి పాఠం పక్కన రెండు విషయాలు రాయండి: పరీక్షలో దానికి ఎన్ని మార్కులు, దాని మీద ఆధారపడిన పాఠాలు ఎన్ని. రాబోయే పాఠాలకు పునాది అయినవి ముందు, ఎక్కువ మార్కులున్నవి తర్వాత. రెండూ కానివి చివరికి నెట్టేయండి. పరీక్ష దగ్గరపడితే ఒకటి రెండు వదిలేయాల్సి రావచ్చు. చూసి, లెక్కేసుకుని వదిలేయడానికీ, అన్నీ సగం సగం చేసి అన్నింట్లో పోగొట్టుకోవడానికీ చాలా తేడా ఉంది.

టైంటేబుల్ మూడో రోజుకే ఎందుకు కూలిపోతుందంటే, అది ఊహలో ఉన్న రోజుకు వేసినది కాబట్టి. ముందు మూడు రోజులు ఏమీ మార్చకుండా, నిజంగా ఎంతసేపు చదువుతున్నారో గడియారం చూసి రాసుకోండి. ఆరు గంటలనుకున్నది రెండు గంటల నలభై నిమిషాలని తేలవచ్చు. కొత్త పట్టిక దానికి అరగంట మాత్రమే కలిపి వేయండి. వారంలో ఒక సాయంత్రం పూర్తిగా ఖాళీ ఉంచండి. తప్పిపోయిన పనులన్నీ ఆ ఖాళీలోకే వెళ్లాలి, మర్నాటి మీదకు కాదు. మర్నాటి మీదకు తోస్తే రెండు రోజుల్లో పట్టిక మొత్తం కుప్పకూలుతుంది.

పుస్తకం తెరవడమే కష్టంగా ఉన్నప్పుడు, చేయాల్సిన పనిని బాగా చిన్నది చేయండి. "సైన్స్ చదవాలి" అని కాదు, "స్నానం చేసి రాగానే, బల్ల దగ్గర కూర్చుని, కాంతి పాఠంలో రెండో లెక్క చేస్తాను" అని ముందే కాగితం మీద రాసుకోండి. ఎప్పుడు, ఎక్కడ, ఏది అన్నవి మూడూ ముందే తేలిపోతే, ఆ సమయానికి మనసుతో బేరమాడే పని ఉండదు. 25 నిమిషాల టైమర్ పెట్టుకుని తర్వాత 5 నిమిషాలు విరామం తీసుకోవడం చాలామందికి కుదురుతుంది. 25 ఎక్కువనిపిస్తే 10తో మొదలుపెట్టండి. ఫోన్ జేబులో వద్దు, బోర్లా పెట్టి బల్ల మీద కూడా వద్దు, వేరే గదిలో ఉండాలి. టైమర్ కోసం మామూలు గడియారం వాడండి.

భయం ఒంట్లోకి వచ్చినప్పుడు

గుండె దడ, చేతుల్లో చెమట, కడుపులో తిప్పడం, ఇవన్నీ ఒంటికి తెలిసిన మామూలు ప్రతిస్పందనలు. కొంచెం ఉంటే మంచిదే, మెలకువగా ఉంచుతుంది. ఎక్కువైతే ఇబ్బంది ఎందుకంటే, అప్పటికప్పుడు ఆలోచించడానికి బుర్రలో ఉండే చోటు చాలా చిన్నది. ఒకేసారి కొద్ది విషయాలనే పట్టి ఉంచగలదు. "ఇది రాకపోతే ఇంట్లో ఏమంటారు" అన్న ఆలోచన కూడా ఆ చోటులోనే కూర్చుంటుంది. లెక్కకు కావలసిన జాగా అది ఆక్రమిస్తుంది.

దాన్ని బయటికి పంపే దారి ఒకటుంది. పరీక్షకు ముందు ఓ 10 నిమిషాలు, మీకు ఏమని భయంగా ఉందో ఉన్నదున్నట్టు కాగితం మీద రాయండి. అక్షరాలు, భాష చూసుకోవద్దు, ఎవరికీ చూపించొద్దు, రాశాక చింపేయండి. 2011లో రమిరేజ్, బైలాక్ అనే పరిశోధకులు ప్రకటించిన ప్రయోగాల్లో, పరీక్ష భయం ఎక్కువగా ఉన్న విద్యార్థులకు ఇలా రాయడం వల్ల మార్కులు మెరుగయ్యాయి. హాలు బయట నిలబడి "అది చదివావా, ఇది చదివావా" అని స్నేహితులతో పోల్చుకునే ఆ పది నిమిషాలను దీనికి వాడుకోవడం మేలు.

హాల్లో బుర్ర ఒక్కసారిగా ఖాళీ అయిపోతే, పెన్ను కింద పెట్టండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. ఐదుసార్లు చేస్తే దాదాపు 50 సెకన్లు. వదిలే ఊపిరి పొడవుగా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. తర్వాత ఆ ప్రశ్ననే చూస్తూ కూర్చోకుండా, పేపర్లో అన్నింటికన్నా తేలికైన ప్రశ్నకు వెళ్లండి. అదీ రాకపోతే వెనక పేజీలో ఆ పాఠానికి సంబంధించి గుర్తున్న ఒక్క పదమో, సూత్రమో, బొమ్మో రాయండి. జ్ఞాపకాలు ఒకదానికొకటి కొక్కేల్లా తగులుకుని ఉంటాయి. ఒకటి లాగితే ఇంకొకటి వస్తుంది. ఊపిరి అభ్యాసం పరీక్ష రోజు మొదటిసారి చేస్తే పెద్దగా పనిచేయదు. వారం ముందునుంచి, మామూలుగా ఉన్నప్పుడు రోజుకోసారి చేసి ఉండాలి.

నిద్ర విషయంలో బేరం లేదు. 13 నుంచి 18 ఏళ్లవారికి 8 నుంచి 10 గంటలు, అంతకన్నా చిన్న బడి పిల్లలకు 9 నుంచి 12 గంటలు కావాలి. పగలు చదివింది స్థిరపడేది నిద్రలోనే. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీ సగం రాత్రి పదకొండుకు కూడా లోపలే ఉంటుంది.

ఇంట్లో చెప్పడం

మార్కుల కాగితం ఒక్కటే చూపిస్తే మాటలు మార్కుల చుట్టూ, పక్కింటి పిల్లల చుట్టూ తిరుగుతాయి. ఐదు గడుల కాగితం కూడా తీసుకెళ్లండి. "నాన్నా, 46 వచ్చాయి. పోయిన 54లో 20 గుర్తు రాక పోయాయి, 12 అర్థం కాక పోయాయి. గుర్తు రానివాటికి రోజూ చూడకుండా రాస్తాను. అర్థం కానివాటికి కింది క్లాసు లెక్కలు చేయాలి, దానికి రోజూ అరగంట ఎవరైనా పక్కన కూర్చుంటే బాగుంటుంది." ఇలా అడిగితే కోపానికి బదులు చేయడానికి ఒక పని దొరుకుతుంది. పెద్దవాళ్ల కోపంలో ఎక్కువ భాగం ఏం చేయాలో తెలియని కంగారే.

పెద్దవాళ్లకు కూడా ఒక మాట. పేపర్ చేతికందగానే అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని వచ్చాయి?" కాకుండా "ఎక్కడ పోయాయి?" అయితే, పిల్లలు పేపర్ దాచరు. దాచని పేపర్‌నే కదా బాగుచేయగలం.

కష్టపడినా కదలకపోతే

ముందు కళ్లు పరీక్ష చేయించండి. బోర్డు మీది అంకెలు తప్పుగా దించుకునే పిల్లలను అశ్రద్ధ అని తిట్టేవాళ్లు చాలామంది, చూపు సరిచూసేవాళ్లు తక్కువ. వినికిడి కూడా చూడాలి. ఎప్పుడూ నీరసంగా ఉంటే రక్తహీనత ఉందేమో డాక్టరు చూస్తారు. మాటల్లో చురుగ్గా ఉండి, చదవడం మాత్రం తోటివారికంటే చాలా నెమ్మదిగా, అక్షరాలు తడబడుతూ ఉంటే డిస్‌లెక్సియా కావచ్చు. సంఖ్యల విషయంలో అలాంటిదే డిస్‌కాల్క్యులియా. ఏ పని మీదా నిలవలేకపోవడం చిన్నప్పటినుంచీ, ఇంట్లోనూ బడిలోనూ ఉంటే ఏడీహెచ్‌డీ ఏమో నిపుణులు పరీక్షించాలి. ఇవేవీ తెలివి తక్కువకు గుర్తులు కావు. నిర్ధారణ అయితే బోధన పద్ధతి మార్చుకోవచ్చు, చాలాచోట్ల పరీక్షల్లో అదనపు సమయం కూడా అడగవచ్చు.

రెండు వారాలు దాటి రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉండటం, ఇష్టమైనవి కూడా రుచించకపోవడం, నిద్ర, ఆకలి బాగా మారిపోవడం ఉంటే అది చదువు పద్ధతులతో పోయేది కాదు. డాక్టరునో, కౌన్సిలర్‌నో కలవాలి. చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఈ రోజే, నమ్మకమున్న ఒక పెద్దమనిషికి అదే మాట చెప్పండి: "నాకు చచ్చిపోవాలనిపిస్తోంది, నాతో ఉండండి." ఒంటరిగా ఉండొద్దు. మీరున్న చోట హెల్ప్‌లైన్ ఉంటే ఫోన్ చేయండి. మొదట చెప్పిన మనిషి తేలిగ్గా తీసుకుంటే, రెండో మనిషికి చెప్పండి. ఇలాంటి మాట స్నేహితులు మీతో అంటే, ఎవరికీ చెప్పనని మాటిచ్చి ఉన్నా సరే, వెంటనే పెద్దవాళ్లకు చెప్పాలి.

తర్వాతి పరీక్ష వచ్చాక

మళ్లీ అదే కాగితం, అవే ఐదు గడులు. మొత్తం మార్కులు 46 నుంచి 51కి మాత్రమే పెరిగి ఉండొచ్చు, చూడగానే నిరుత్సాహం కలుగుతుంది. గడులు చూడండి. గుర్తు రాక పోయినవి 20 నుంచి 11కి తగ్గి, టైం చాలక పోయినవి 5 నుంచి 9కి పెరిగాయనుకుందాం. అంటే ఇప్పుడు రాయడానికి ఎక్కువ విషయం ఉంది, చేయి ఇంకా అందుకోలేదు. ఈసారి చేయాల్సింది మరింత చదవడం కాదు, గడియారం పెట్టుకుని రాయడం. కొత్తగా పెద్దదైన కుప్ప ఏదో చూసుకుని, వచ్చే మూడు వారాలకు దాని పేరు పట్టికలో పైన రాయండి.